సారెలో వెళ్ళిన రైలు

నరసన్నపేటలో గోనె సంచుల జగన్నాధం అంటే తెలియని రైతు ఉండడు. వడ్లు నూర్చిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అతని కొట్టు మెట్లెక్కాల్సిందే. సంచులు, పురికొస, టార్పాలిన్లు, వీటితోనే అతను ఇల్లు కట్టాడు, కూతురి పెళ్ళి చేశాడు, ఊళ్ళో నలుగురూ కుర్చీ వేసే స్థితికి వచ్చాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ విషయాన్నయినా ముందు తూచి చూసుకుంటాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ నవ్వు ఎందుకొచ్చిందో, ఎంతవరకు చెల్లుతుందో ఆలోచించుకుని గానీ తిరిగి నవ్వడు. వాన పడితే టార్పాలిన్లకి మంచిదంటాడు, పడకపోతే సంచులకి మంచిదంటాడు. దేవుడు ఏం చేసినా అతనికి ఎటువైపో గిట్టుబాటు కావాల్సిందే.

అలాంటి మనిషికి యాభై దాటాక రైలు పిచ్చి పట్టింది.

ఎక్కి తిరిగే పిచ్చి కాదు, కూర్చుని చేసే పిచ్చి. ఒకప్పుడు నౌపడ నుంచి గుణుపురం దాకా సన్న పట్టాల మీద చిన్న రైలొకటి నడిచేది. చిన్నతనంలో పాతపట్నంలో ఉన్న అమ్మమ్మగారింటికి వెళ్ళాలంటే జగన్నాధానికి అదే బండి. మధ్యలో దిగి, తోటలో నాలుగు జీడిమామిడి పళ్ళు కోసుకుని, మళ్ళీ నడిచొచ్చి అదే బండి ఎక్కవచ్చని దాని మీద వేళాకోళం ఉండేది. పెద్ద పట్టాలు వచ్చాయి, చిన్న రైలు పోయింది. ఆ పోయినదాన్ని నలభై ఎనిమిదో వంతుకి కుదించి మేడ మీద గదిలో మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. చక్రాలు, ఇంజను లోపలి మోటారు కొరియర్లో వచ్చేవి. మిగతాదంతా అతని చేతి పనే. ప్లాస్టిక్ రేకు కోసి గోడలు, సన్న చెక్కబద్దలతో నేల, ఇత్తడి తీగతో కడ్డీలు. పెట్టె గోడ మీద కనపడే ఒక్కొక్క రివెట్టూ సూదిమొనతో పెట్టిన జిగురు చుక్క. బేరాలు లేని ఎండాకాలాలన్నీ దానికే ఖర్చయ్యాయి. నల్లటి ఇంజను, కప్పున్న సరుకు పెట్టెలు, కప్పులేని బొగ్గు పెట్టెలు, అన్నిటికీ వెనక బుల్లి కిటికీలతో గార్డు పెట్టె.

"మనవలు పుట్టే వయసులో ఈ బొమ్మలాటేటి?" అనేది భార్య ఈశ్వరి.

"బొమ్మలు కావే. నమూనాలు."

"నమూనా సూపించాక సరుకు పంపాలి కదా. మరి ఆర్డరెవరిచ్చారు?"

జగన్నాధం దగ్గి, సూదిమొనతో ఇంకో రివెట్టు పెట్టాడు.

ఇలాంటి రైళ్ళు చేసేవాళ్ళు వాటిని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటారు. జగన్నాధం అది దండగ అనుకున్నాడు. మిఠాయి కొట్టువాడి గులాబీ పువ్వు బొమ్మ ఉన్న తెల్లటి అరకిలో అట్టపెట్టె కొలతలు ఒకరోజు చూస్తే, అది తన రైలు పెట్టె కోసమే కుట్టించినట్టుంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వచ్చిన ఖాళీ పెట్టెలు ఇంట్లో ఉండనే ఉన్నాయి. నెయ్యి మరకలు తుడిచి, లోపల గోనె గుడ్డ పరిచి, ఒక్కోదాన్లో ఒక్కో రైలు పెట్టె పెట్టి బల్ల మీద పేర్చాడు. ఇంజను మాత్రం వాటిలో పట్టక చెక్క డబ్బాలోకి వెళ్ళింది. పైన పేర్లు రాద్దామనుకుని, రాస్తే ఆ అట్టపెట్టె మళ్ళీ ఇంకో పనికి రాదని మానేశాడు.

ఆ పొదుపే అతని కొంప ముంచింది.

కూతురు సుహాసినిని విజయనగరం ఇచ్చారు. పురిటికి వచ్చి, మగపిల్లవాణ్ణి కని, అయిదో నెల వచ్చాక అత్తారింటికి బయల్దేరింది. బిడ్డతో పంపేటప్పుడు సారె పెట్టాలి. మా వైపు సారె అంటే అత్తారు దాచుకు తినేది కాదు. వీధి వీధంతా పంచాలి. ఎవరింటికి ఏం వచ్చిందో, నెయ్యి వాసన వేసిందో లేదో, ఆ వీధిలో నెల్లాళ్ళు చెప్పుకుంటారు. కోడలి పుట్టింటి పరువు ఎంతో అత్తారి వీధికి తెలిసేది అక్కడే. ఈశ్వరి చలిమిడి, సున్నుండలు ఇంట్లోనే చేయించింది. ఖాజాలు, మైసూరుపాకు, బూందీ లడ్డూ మాత్రం ఇంటికొకటి ఇచ్చేట్టు అరకిలో పెట్టెల్లో కట్టించింది. ఏ కొట్లో? ఇంకే కొట్లో! ఊళ్ళో అందరూ కొనే కొట్లోనే. అదే తెల్లటి పెట్టె, అదే గులాబీ పువ్వు.

కింద చుట్టాలు కిక్కిరిసి ఉన్నారు. "నేల మీద పెడితే సీమలు పడతాయి. మేడ మీద నా గదిలో బల్ల మీద పెట్టించు," అన్నది జగన్నాధమే. పొద్దున్న వ్యాను వచ్చినప్పుడు కొట్లో మూటలు మోసే కళాసీ అప్పలసూరి మేడ మెట్ల మీంచి, "బాబూ, తెల్ల పెట్టెలన్నీ దించేదా?" అని అరిస్తే, "దించేయ్, దించేయ్, వర్జ్యం వచ్చేస్తాది," అన్నదీ జగన్నాధమే. వ్యాన్లో పట్టినన్ని పట్టాయి. పట్టనివి ఉండిపోయాయి. కోతల కాలం కాబట్టి కొట్టు వదలడం కుదరక తను ఆగిపోయి ఈశ్వరినీ చుట్టాలనీ పంపాడు.

సాయంత్రం కొట్టు కట్టేసి, ఇల్లంతా బోసిగా ఉందని, కాస్త మనసు కుదుటపడుతుందని మేడెక్కాడు. గార్డు పెట్టె తీసి చూసుకుందామని ఓ అట్టపెట్టె మూత తెరిచాడు. ఖాజాలు. ఇంకోటి తెరిచాడు. మైసూరుపాకు. ఉన్నవన్నీ తెరిచాడు. గది నిండా నెయ్యి వాసన కమ్ముకుంది గానీ ఒక్క చక్రం కనపడలేదు.

ఫోను తీశాడు.

"ఈశ్వరీ, ఆ తెల్ల పెట్టెలు ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి, పంచేశారు."

"అప్పుడేనా?"

"సారె పంచకపోతే భోషాణంలో పెడతారేటి?" అని, ఈశ్వరి గొంతు తగ్గించింది. పెరట్లోకి వెళ్ళినట్టుంది, కుళాయి చప్పుడు వినపడుతోంది. "తెలిసింది. నాకూ ఇప్పుడే తెలిసింది. సగం ఇళ్ళకి మిఠాయి, సగం ఇళ్ళకి నీ రైలు. మీ వాళ్ళు కొత్త ఫేషను సారె తెచ్చారు, పిల్లాడి పేరు సెప్పి బొమ్మలు పంచారు అనుకుంటన్నారు. అలాగే అనుకోనీ."

"అలాగే అనుకోడమేటి? పొరపాటు జరిగిందని సెప్పి..."

"ఆ మాట నోట్లోంచి రానీకు! పొరపాటన్నావంటే వియ్యపురాలు ఇల్లిల్లూ తిరిగి ఏరుకొస్తాది. సారె ఇచ్చి ఎనక్కి తీసుకున్నారన్న మాట మన పిల్ల నెత్తి మీద ఉండిపోతాది. మన వియ్యంకుడి నోరు తెలుసు కదా."

జగన్నాధానికి తెలుసు. వియ్యంకుడు గంగరాజు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టి వేళాకోళం చేసిన నోరు, ఇప్పుడు చుట్టాల మీద పడింది. పెళ్ళిలో భోజనాల వేళ కాసేపు కరెంటు పోయినందుకు, కనపడినప్పుడల్లా, "బావగారూ, ఆ రోజు మేం తిన్నది సాంబారో చారో ఇంకా తేల్చుకోలేదండీ," అంటాడు. కరెంటు పోవడం ఎవరి చేతిలో ఉంది? దానికే ఇంత అయితే, సారె వెనక్కి అడిగితే మనవడి పెళ్ళిదాకా వాయిస్తాడు. వినేది జగన్నాధం కాదు. ఆ ఇంట్లో పొద్దున్న లేస్తే తిరగాల్సింది సుహాసిని.

ఒకవైపు కూతురి పరువు, ఒకవైపు రైలు. తూకం వేయడానికే సిగ్గేసి, తూకం వేయకుండా పడుకుందామనుకున్నాడు. ఈలోగా గంగరాజే ఫోన్ చేశాడు.

"బావగారూ! అదిరిపోయిందండీ సారె! ఈ వీధిలో ఇలాంటి సారె ఎవరూ పెట్టలేదు."

"అంతా మీ అభిమానం బావగారూ."

"కాపోతే ఓ లోటుంది. సెప్పమంటారా, మానమంటారా?"

"సెప్పండి."

"పెట్టెలొచ్చాయి, ఇంజను రాలేదు. బండి మాకు ఇచ్చి ఎడ్లని మీ ఇంట్లో కట్టుకున్నట్టుంది. వీధోళ్ళు అడుగుతున్నారు, ఏటి మాస్టారూ, మీ వియ్యంకుడు తోలడం ఇష్టం లేక ఆపేశాడా అని. నేనేం సెప్పను?"

జగన్నాధం అప్పటికి ఏదో ఒకటి అన్నాడు. ఏమన్నాడో ఫోను పెట్టేశాక గానీ చెవికి ఎక్కలేదు. "రేపు పట్టుకొస్తాను బావగారూ, ఇంజనూ పట్టాలూను. నాజూకు సరుకు కదా, చేత్తో తెద్దామని ఆపాను," అన్నాడు.

రాత్రి పడుకుని ఆలోచిస్తే మాత్రం దారి కనిపించింది. అడిగి తీసుకుంటే తప్పు. మార్పిడి చేస్తే వ్యాపారం. ఇంట్లో మిగిలిపోయిన మిఠాయి పెట్టెలు తీసుకెళ్ళి, "మీకు తీపి అందలేదుట, ఇదిగో," అని చేతిలో పెడితే, వాళ్ళే మొహమాటపడి, "అయితే ఇది తీసుకోండి," అని రైలు పెట్టె ఇచ్చేస్తారు. చిరుగు సంచి తెచ్చినవాడికి మంచి సంచి ఇచ్చి మెప్పించడం అతనికి కొత్తేమీ కాదు. కారు వెనక సీట్లో మిఠాయి, పక్క సీట్లో ఇంజను డబ్బా పెట్టుకుని, పట్టాల మూట డిక్కీలో పడేసి పొద్దున్నే బయల్దేరాడు. డబ్బాకి సీటు బెల్టు కూడా పెట్టాడు.

విజయనగరంలో కాఫీ తాగడం అయ్యాక, "వీధోళ్ళని ఓసారి పలకరించొస్తాను," అన్నాడు. సుహాసిని బిడ్డని చంకనేసుకుని, ఇళ్ళు చూపించడానికి తోడు వచ్చింది.

మొదటి ఇల్లు జగ్గమ్మది. వీధిలో అందరికంటే పెద్దావిడ. గార్డు పెట్టె ఆవిడకి వెళ్ళింది. జగన్నాధం గుమ్మంలోంచే చూశాడు. దేవుడి గూట్లో, రామతీర్థం రాముడి పటం పక్కన కూర్చుని ఉంది తన గార్డు పెట్టె. కప్పు మీద పసుపు, దాని మీద కుంకం బొట్టు. కిటికీలోంచి ఒక అగరొత్తి బయటకు చూస్తోంది.

"దండాలు బాబూ. ఎంత సక్కటి గుడి పంపావు!" అంది జగ్గమ్మ.

"గుడి కాదమ్మా, అది..."

"గుమ్మాలున్నాయి, కిటికీలున్నాయి, అరుగున్నాది. గుడి కాకపోతే మరేటి?"

అరుగు అన్నది గార్డు నిలబడే వసారా. దాని కటకటాలకి ఒక ఎండాకాలం అంతా పట్టింది. జగన్నాధం ఖాజాల పెట్టె ముందుకు చాపాడు. "నిన్న మీకు తీపి అందలేదుట..."

"అయ్యో, అందలేదనేసి తెచ్చావా నాయనా!" జగ్గమ్మ పెట్టె అందుకుని, ఒక ఖాజా కొరికి, మిగతావి గూటి కిందకి తోసేసింది. "నీ కడుపు సల్లగుండ. ఒసే సుహాసినీ, మీ నాన్న బంగారమే!"

గార్డు పెట్టె కోసం ఆవిడ చేయి గూట్లోకి వెళ్ళలేదు. మొహమాటం అన్నది ఆవిడ దగ్గర నిల్వ లేదని జగన్నాధానికి అర్థమైంది.

రెండో ఇల్లు కాలేజీలో లెక్చరర్ మురళీమోహన్‌ది. కప్పులేని బొగ్గు పెట్టె అతని బల్ల మీద ఉంది. అందులో పెన్నులు, గుండుసూదులు, ఓ రబ్బరు. మిఠాయి పెట్టె చూడగానే అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దండీ. నాకు షుగర్. నిజానికి మీకు థాంక్స్ చెప్పాలనుకున్నాను. వీధిలో సారె వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ దాన్ని నా కళ్ళకి కనపడకుండా దాచాలి, నేను వెతకాలి. షుగర్ ఉన్నవాళ్ళకి తీపి బదులు ఏదో ఒకటి పంపాలన్న ఆలోచన మీ ఒక్కరికే వచ్చింది."

అలా అన్నాక, పెన్నులు తీసి పెట్టె ఇమ్మని ఎలా అడుగుతాం?

మూడో ఇంటి దాకా వెళ్ళనక్కర్లేకపోయింది. అరుణశ్రీ అనే ఆవిడ వాళ్ళ గేటు తీసుకుని తనే ఎదురొచ్చింది.

"బాబాయిగారూ, మాకు లడ్డూ వచ్చింది."

"బాగుందామ్మా?"

"బాగుంది. కానీ పక్కింటికి రైలు వచ్చింది. మా ఇంటికి ఎందుకు రాలేదు? మీ వియ్యపురాలికీ నాకూ మొన్న నీళ్ళ కాడ మాట పట్టింపు వచ్చిందని సెప్పిందా మీకు?"

"లేదమ్మా, లేదు!"

"మరైతే?"

జగన్నాధం ఇంకో లడ్డూ పెట్టె ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకుంది. తీసుకుని, "రైలు ఎప్పుడు పంపుతారు?" అంది.

పక్క ఇంటి పిట్టగోడ మీద ఇద్దరు పిల్లలు కప్పున్న సరుకు పెట్టెని అటు నుంచి ఇటు తోస్తున్నారు. రెండు చక్రాలు సరిగ్గానే తిరుగుతున్నాయి. మూడోది ఊగుతోంది. నాలుగోది వాళ్ళలో చిన్నవాడి నోట్లో ఉంది.

జగన్నాధం వేపచెట్టు నీడన ఆగిపోయాడు. రెండు మిఠాయి పెట్టెలు చెల్లిపోయాయి. ఒక్క రైలు పెట్టె వెనక్కి రాలేదు. పైగా ఒకటి బాకీ పడ్డాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత చచ్చు బేరం ఎప్పుడూ చేయలేదు.

సుహాసిని బిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. "నాన్నా, ఏటి సేస్తన్నావ్? పలకరిస్తన్నావా, వసూలు సేస్తన్నావా?"

"పలకరిస్తన్నాను."

"జగ్గమ్మ గూట్లోకి సూసిన సూపు నేను సూళ్ళేదనుకున్నావా? రామతీర్థం రాముడు కూడా కాస్త పక్కకి జరిగుంటాడు."

జగన్నాధం చేతిలో మిగిలిన మిఠాయి పెట్టెకి పురికొస బిగించాడు.

సుహాసిని నవ్వడం ఆపింది. "ఒక పని సేస్తాను. సాయంత్రం నేనే అందరిళ్ళకీ వెళ్ళి అడుగుతాను. మా నాన్న సొంతంగా సేసుకున్నవి, అట్టపెట్టెలు తారుమారయ్యాయి అంటాను. ఇస్తారు. మావగారు అనేది అంటారు, నేను పడతాను. నాలుగు రోజులంటారు. కాదంటే నాలుగేళ్ళు. నువ్వు మేడ మీద ఎన్ని ఎండాకాలాలు కూకున్నావో నేను సూళ్ళేదా?"

అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతులో వేళాకోళం లేదు. నిజంగానే వెళ్తుంది. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి, తల కాస్త వంచి, "అమ్మమ్మా, మరేం అనుకోకు," అని మొదలుపెడుతుంది. ఆ తల వంచడం కళ్ళ ముందు కనపడింది జగన్నాధానికి. చిన్నప్పుడు స్కూల్లో చేయని తప్పుకి కూడా తల వంచని పిల్ల అది.

రాత్రి సిగ్గేసి పక్కన పెట్టిన తూకం దానంతట అదే తేలిపోయింది. రైలున్న పళ్ళెం కిందికి దిగనైనా దిగలేదు.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు. "సారె సారే. నేను ఇచ్చాను, వాళ్ళు పుచ్చుకున్నారు. పద, ఎండ తగుల్తాది పిల్లాడికి."

"మరి పొద్దుటి నుంచి..."

"సరుకు చేరిందో లేదో సూసుకోవాలి కదా. సూసుకున్నాను. చేరింది."

ఇంటికి వచ్చేసరికి గంగరాజు పట్టాల మూట విప్పేసి హాల్లో పరిచేస్తున్నాడు. వంకరవన్నీ ఒకవైపు, తిన్ననివన్నీ ఒకవైపు, డ్రిల్లు పిల్లల్లా వరసలు కట్టించాడు.

"బావగారూ, సాయంత్రం మేడ మీద బండి నడపాలండీ. వీధోళ్ళందరికీ సెప్పేశాను. ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకొచ్చి తగిలించాలి. ఏటి, నడుస్తాదా, లేకపోతే మన పెళ్ళి కరెంటులాగా మధ్యలో పోతాదా?"

"నడుస్తాది," అన్నాడు జగన్నాధం.

సాయంత్రానికి మేడ మీద రెండు టార్పాలిన్లు పరిచి, వాటి మీద పట్టాలు గుండ్రంగా బిగించారు. టార్పాలిన్లు జగన్నాధం కొట్టువే, ఎప్పుడో పెళ్ళికి పంపినవి. వీధంతా మెట్లెక్కి వచ్చింది. పెట్టె వచ్చినవాళ్ళు పెట్టెతో, రానివాళ్ళు మొహం ముడుచుకుని. అరుణశ్రీని చూడగానే జగన్నాధం ముందుగానే, "మీకు కొత్తది, ఎర్ర రంగుది, స్పెషల్‌గా చేస్తున్నానమ్మా," అన్నాడు. వెనక నుంచి ఈశ్వరి, "పోన్లే, ఇన్నాళ్ళకి ఆర్డరొచ్చింది," అంది.

అసలు చిక్కు బండి కట్టడంలో వచ్చింది.

రైలన్నాక ముందు ఇంజను, తర్వాత బొగ్గు, తర్వాత సరుకు, అన్నిటికన్నా వెనక గార్డు. ఇది జగన్నాధానికి తెలిసిన వరస. వీధికి తెలిసిన వరస వేరు. ఇంజను వెనకాల మొదటి చోటు ఎవరిది? పిట్టగోడ పిల్లల తల్లి మా ఇల్లే వీధికి మొదలంది. అప్పుడు మురళీమోహన్ భార్య, మున్సిపాలిటీ నంబరు ప్రకారం తమ ఇల్లే మొదటిదంది. మురళీమోహన్ ఆవిడ చేయి పట్టుకుని లాగుతూ, "పెన్నుల డబ్బాకి మొదలేంటి, చివరేంటి?" అన్నాడు. "మీరు ఊరుకోండి, ఇది మర్యాదకి సంబంధించింది," అంది ఆవిడ.

ఈ గొడవ ఒక కొలిక్కి రాకముందే జగ్గమ్మ పసుపు కుంకాల గార్డు పెట్టెని కొంగులో పెట్టుకుని లేచింది. "పెద్దదాన్ని. నా గుడిని తోకకి కట్టేస్తారా? నాకొద్దు ఈ బండి. ఇంటికెళ్ళిపోతాను."

గంగరాజు జేబులోంచి పాత విజిల్ తీసి ఊదాడు. పిల్లలు నిశ్శబ్దమయ్యారు, ఆడవాళ్ళు కాలేదు. అతను జగన్నాధం వైపు చూసి చేతులెత్తేశాడు. "బావగారూ, నా వల్ల కాదు. మీ సరుకు, మీరే అమ్ముకోండి."

జగన్నాధం టార్పాలిన్ మీద నుంచి లేచి జగ్గమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ పాత నిల్వ సంచుల్ని కొత్త నిల్వ కంటే ముందు అమ్మిన గొంతుతో మొదలుపెట్టాడు.

"అమ్మా, రైలు ఎవరు సెప్తే కదులుతాది?"

"ఇంజనోడు."

"కాదు. ఇంజనోడు కూలోడు. బొగ్గేస్తాడు, లాగుతాడు. గార్డు పచ్చజెండా ఊపిందాకా గజం కదలడానికి వాడికి హక్కు లేదు. ముందోళ్ళకి దారి కనపడతాది, అంతే. ముందు పెట్టెలన్నీ వచ్చాయా, ఏదైనా జారిపోయిందా, అది ఎనక కూకున్న గార్డుకే తెలుస్తాది. అందుకే పెద్దోళ్ళకే ఆ చోటు. నేను ఊరికే మీ ఇంటికి ఆ పెట్టె పంపాననుకున్నారా?"

అబద్ధం అనడానికి లేదు, ఆ చివరి మాట తప్ప.

జగ్గమ్మ కొంగులోంచి పెట్టె బయటికి తీసింది. మేడ మీద అందరినీ ఒకసారి చూసింది. పాతికేళ్ళుగా ఈ వీధి తన మాట వినడం లేదన్న బాధంతా తీరినట్టు, "మరి ముందే సెప్పొద్దా?" అని గార్డు పెట్టెని తనే వంగి చివర తగిలించింది.

అంతే, ఇంకో గొడవ లేచింది. మొదటి చోటు కోసం కొట్టుకున్నవాళ్ళే ఇప్పుడు చివరి చోటు మాకెందుకు ఇవ్వలేదన్నారు. పిట్టగోడ పిల్లల తల్లి తన పెట్టె వెనక్కి లాక్కుంటే, పిల్లలు మళ్ళీ తెచ్చి తగిలించారు. అరుణశ్రీ, "బాబాయిగారూ, నాకు ఎర్రది వద్దు. గార్డుదే చేయండి," అంది. సుహాసిని బిడ్డ మొహాన్ని కొంగుతో కప్పి తను నవ్వుకుంటోంది.

జగన్నాధం పట్టాలకి కరెంటు ఇచ్చే మీట తిప్పేశాడు. ఆలస్యం చేస్తే బేరం చెడుతుందని అతనికి తెలుసు. ఇంజను ఓసారి ఉలిక్కిపడి ఆగింది. జగ్గమ్మ ఆకుపచ్చ చీర కొంగు ఎత్తి ఊపింది. ఈసారి కదిలింది. ఇంజను వెనక పెన్నులతో బొగ్గు పెట్టె. మర్చిపోయి తీయలేదు. దాని వెనక మూడు చక్రాల సరుకు పెట్టె కుంటుకుంటూ, ఆ తర్వాత మిగతా ఇళ్ళ పెట్టెలు. చివర గుడి, కుంకం బొట్టుతో. వంపు దగ్గర కుంటి పెట్టె పట్టా దిగిపోతే ఇద్దరు పిల్లలు ఎత్తి పెట్టారు. ఎక్కడానికీ దిగడానికీ టైము దొరికేంత నెమ్మదిగా, గంగరాజు మేడ మీద అది మూడుసార్లు తిరిగింది. ఒక్క పెట్టె కూడా అతను చేసినట్టు లేదు. చక్రం ఊడినా, పసుపు కారినా సరే, మేడ మీద గదిలో అట్టపెట్టెల్లో ఎండాకాలాలు పడుకున్న సరుకు మొదటిసారి నలుగురి మధ్య కదిలింది.

అందరూ దిగి వెళ్ళాక, ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకుపోయాక, పట్టాల మీద ఇంజను ఒక్కటే మిగిలింది. గంగరాజు దాని పక్కన చతికిలబడ్డాడు. మొహంలో మళ్ళీ వేళాకోళం వచ్చింది.

"మరి బావగారూ, దీన్ని డబ్బాలో పెట్టుకుని పట్టుకుపోతారా?"

సుహాసిని తండ్రి మొహం వైపు చూసింది. ఈశ్వరి భర్త మోచేతిని గిల్లింది.

జగన్నాధం ఇంజను వైపు చూసి ఒక నిమిషం తూచుకున్నాడు. పెట్టెలు లేని ఇంజను ఇంట్లో ఉంటే, లాగడానికేమీ లేక పడి ఉండే సరుకు. ఇక్కడ ఉంటే? పిల్లనిచ్చిన ఇంటికి పిలవకుండా, పనిలేకుండా మాటిమాటికీ వెళ్తే పలుచనైపోతాం. మనవణ్ణి చూడాలనిపించినా పండగ రావాలి, పబ్బం రావాలి, లేకపోతే పిల్లాడికి జ్వరమైనా రావాలి. వ్యాపారం చేసేవాడికి ఎవరింటికి వెళ్ళాలన్నా ఒక పని ఉండాలి.

"సారెలో ఇచ్చింది ఎనక్కి పట్టుకుపోతారేటి బావగారూ! ఇంజను మీదే," అన్నాడు. "కాపోతే ఒక మాట. ఇది నాజూకు సరుకు. వారానికోసారి సక్రాల సందుల్లో దుమ్ము తియ్యాలి, నూనె సుక్క వెయ్యాలి. తెలియనోళ్ళు వేలెడితే మోటారు పోతాది. అమ్మినోడే సర్వీసు సెయ్యాలి కదా. ఎంత పనున్నా ఆదివారం ఆదివారం నేనే వస్తాను."

గంగరాజు అతని మొహంలోకి చూశాడు. డ్రిల్లు ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని చెప్పిన పిల్లల్ని ఎంతమందిని చూసి ఉంటాడు!

"నూనె ఇంజనుకా బావగారూ, మనవడికా?"

"ముందు ఎవరు కీచుమంటే వాళ్ళకి," అన్నాడు జగన్నాధం, నవ్వు ఎంతవరకు చెల్లుతుందో చూసుకోకుండానే నవ్వేస్తూ.